ఆస్టిన్‌లో బిజినెస్సా, కాలేజ్ స్టేషన్‌లో ఇంజనీరింగా?

ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్, కొపెల్. డాలస్ చుట్టూ తెలుగువాళ్లు చిక్కగా ఉన్న ఊళ్లివి. మార్చి, ఏప్రిల్ నెలల్లో గుళ్లో ప్రసాదం దగ్గరైనా, పిల్లల క్రికెట్ గ్రౌండులోనైనా సీనియర్ ఇయర్ పిల్లల తల్లిదండ్రులు ఎదురుపడితే వచ్చే మాట ఒకటే: "మీవాడికి యూటీ వచ్చిందాండీ?" అవునంటే అభినందనలు. లేదంటే "ఏ అండ్ ఎం కూడా మంచిదే లెండి" అని ఓదార్పు. "ఏ మేజరు?" అన్నది చివర్లో, వెళ్తూ వెళ్తూ అడుగుతారు. టెక్సస్ లెక్కలు తెలిస్తే ముందు అడగాల్సింది అదే.

ఇక్కడ ఒక్క చిక్కునే తీసుకుందాం. అమ్మాయి చేతిలో రెండు సీట్లున్నాయి. ఒకటి ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్‌లో, అంటే యూటీలో, మెకోంబ్స్ బిజినెస్ స్కూలుది. రెండోది కాలేజ్ స్టేషన్‌లోని టెక్సస్ ఏ అండ్ ఎంలో ఇంజనీరింగ్‌ది. రెండూ ప్రభుత్వ విశ్వవిద్యాలయాలే. ఒకటి 1876లో తలుపులు తెరిస్తే ఇంకోటి 1883లో తెరిచింది. రెంటి మధ్య దూరం వంద మైళ్ల చిల్లర. డాలస్ నుంచి ఎటు వెళ్లినా సుమారు మూడు గంటల డ్రైవే. కాబట్టి ఇంటికి దగ్గర, దూరం అన్న వాదన ఇక్కడ పనికిరాదు. ఫుట్‌బాల్ వాదన పనికొస్తుందేమో గానీ దాన్ని పిల్లలకే వదిలేద్దాం.

ముందు యూటీలో ఆటోమేటిక్‌గా సీటు తెచ్చే 5 శాతం సంగతి. కాలేజీ ప్రవేశాల్లో జాతిని లెక్కలోకి తీసుకోకూడదని 1996లో హాప్‌వుడ్ కేసులో ఫెడరల్ అప్పీలు కోర్టు తీర్పిచ్చింది. దానికి జవాబుగా 1997లో టెక్సస్ శాసనసభ ఒక చట్టం చేసింది. రాష్ట్రంలో ఏ హైస్కూల్లో చదివినా, క్లాసులో మొదటి 10 శాతంలో ఉంటే ప్రభుత్వ యూనివర్సిటీలో ఆటోమేటిక్‌గా సీటు. యూటీకి ఇది మోయలేని బరువైంది. 2009లో చట్టాన్ని సవరించి, టెక్సస్ పిల్లలకిచ్చే ఫ్రెష్‌మన్ సీట్లలో 75 శాతం వరకే ఈ దారిన నింపితే చాలన్నారు. అప్పటి నుంచి యూటీకి ఆ 10 కాస్తా తగ్గుతూ వచ్చింది. కొన్నేళ్లు 6 దగ్గర ఆగింది. 2026 శరత్కాలంలో చేరే బ్యాచ్ నుంచి 5 అయింది. 2024లో యూటీకి వచ్చిన ఫ్రెష్‌మన్ దరఖాస్తులు 70 వేలకు పైనే. సీట్లు అందులో చాలా కొద్ది వంతే.

600 మంది సీనియర్లున్న హైస్కూల్లో 6 శాతమంటే 36 మంది, 5 శాతమంటే 30 మంది. తేడా ఆరుగురు. ర్యాంకులు దశాంశాల దగ్గర తేలే పెద్ద సబర్బన్ స్కూళ్లలో ఆ ఆరుగురిలో మన ఇంటి పిల్ల ఉండటం వింతేమీ కాదు. ఏ అండ్ ఎంలో మాత్రం పాత 10 శాతమే నడుస్తోంది. అదే స్కూల్లో అది 60 మంది.

ఈ హామీ యూనివర్సిటీకే, మేజరుకు కాదు. మనవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. మొదటి 5 శాతంలో ఉన్న పిల్లాడికి యూటీ సీటివ్వక తప్పదు, కానీ మెకోంబ్స్‌లోనో, కాక్‌రెల్ ఇంజనీరింగ్ స్కూల్లోనో ఇవ్వాలని ఎక్కడా లేదు. అక్కడ వ్యాసాలు, తీసుకున్న కోర్సులు, బయట చేసిన పనులు అన్నీ చూసి విడిగా తేలుస్తారు. ఏ అండ్ ఎం ఇంజనీరింగ్‌దీ అదే వరస. "టాప్ ఫైవ్ పర్సెంట్ అండీ, ఇంక దిగులేముంది" అనుకున్న ఇంట్లో, యూటీ నుంచి వచ్చిన ఉత్తరంలో అడగని మేజరు పేరు కనిపించాక మొదలవుతుంది అసలు దిగులు.

ఇంకో మాట. మన ఇళ్లలో ఇంజనీరింగ్ అంటే సగం మంది మనసులో ఉండేది కంప్యూటర్ సైన్సే. యూటీలో కంప్యూటర్ సైన్స్ ఇంజనీరింగ్ స్కూల్లో లేదు, నేచురల్ సైన్సెస్ కాలేజీలో ఉంది. ఏ అండ్ ఎంలో ఇంజనీరింగ్‌లోనే ఉంది. దరఖాస్తులో తప్పు గడి నింపి తర్వాత తలపట్టుకున్నవాళ్లున్నారు.

గేటు ఎక్కడుంది?

మన దగ్గర ఎంసెట్, ఇప్పటి ఈఏపీసెట్, వెబ్ ఆప్షన్లలో కాలేజీ, బ్రాంచి జంటగా ఉంటాయి. సీటు వచ్చిందంటే రెండూ వచ్చినట్టే. ఆ అలవాటుతో టెక్సస్ సీట్లను చూస్తే బోల్తా పడతాం.

మెకోంబ్స్‌లో గేటు ముందుంది. లోపలికి వెళ్లాక ఫైనాన్సా, అకౌంటింగా, మార్కెటింగా అన్నది నిదానంగా తేల్చుకోవచ్చు. కష్టమంతా ప్రవేశం దగ్గరే. ఏ అండ్ ఎంలో గేట్లు రెండు. మొదట చేరేది జనరల్ ఇంజనీరింగ్‌లో. మెకానికలా, సివిలా, కంప్యూటర్ సైన్సా అన్నది మొదటి ఏడాది చదివాక తేలుతుంది. ఈ రెండో గేటును ఎంట్రీ టు ఏ మేజర్ అంటారు, పిల్లలు ఈటామ్ అని పిలుచుకుంటారు. ఏ అండ్ ఎం 2013లో '25 బై 25' అని ప్రకటించింది, అంటే 2025కల్లా 25 వేల మంది ఇంజనీరింగ్ విద్యార్థులు. అంతమందిని చేర్చుకున్నాక అందరూ రెండు మూడు బ్రాంచీల మీదే పడితే పంచడానికి ఏదో ఒక జల్లెడ ఉండాలి కదా.

ఆ జల్లెడలో చూడాల్సిన అంకె 3.75. ఏ అండ్ ఎంలో తెచ్చుకున్న జీపీఏ అంతకు తగ్గకపోతే మొదటి కోరిక ఆటోమేటిక్‌గా దక్కుతుంది. తగ్గితే మిగిలిన సీట్ల కోసం అందరితో కలిసి పోటీ పడాలి.

3.75 అంటే వినడానికి పెద్ద కష్టంగా అనిపించదు. హైస్కూల్లో అన్నీ ఏలే తెచ్చుకున్న పిల్ల కదా అనుకుంటాం. కాగితం మీద వేసి చూద్దాం. మొదటి ఏడాది 32 క్రెడిట్లు తీసుకుందనుకోండి. ఏకి 4 పాయింట్లు, బీకి 3. ఏ అండ్ ఎంలో ప్లస్, మైనస్ గ్రేడ్లు లేవు, ఏ మైనస్ అనే మెత్తటి మెట్టు అక్కడ దొరకదు. 24 క్రెడిట్లలో ఏ, 8 క్రెడిట్లలో బీ వస్తే 96, 24 కలిపి 120. దాన్ని 32తో భాగిస్తే సరిగ్గా 3.75. నాలుగేసి క్రెడిట్ల కోర్సులు రెంటిలో బీ వచ్చినా గట్టున పడిందన్నమాట. మూడోదానిలోనూ బీ వస్తే మొత్తం 116, జీపీఏ 3.625. గేటు మూసుకున్నట్టే. ఆ మూడు బీలు రావడానికి కాల్‌క్యులస్, ఫిజిక్స్, కెమిస్ట్రీ ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి.

హైస్కూల్లో రాసే ఏపీ, అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, పరీక్షల క్రెడిట్ల దగ్గర ఒక మెలిక ఉంది. టెక్సస్‌లో 2015 నాటి చట్టం ప్రకారం ఏపీలో 3 వచ్చినా ప్రభుత్వ యూనివర్సిటీలు సాధారణంగా క్రెడిట్ ఇవ్వాలి. క్రెడిట్ వస్తుంది గానీ గ్రేడు రాదు. కాల్‌క్యులస్-1ను ఏపీతో దాటేసిన పిల్ల కాలేజీలో మొదటి లెక్కల క్లాసుగా కాల్‌క్యులస్-2లో కూర్చుంటుంది. తెలిసిన పాఠంలో తేలిగ్గా వచ్చే ఏను వదులుకుని, తెలియని పాఠంతో 3.75 వేట మొదలుపెడుతుంది. క్రెడిట్ మిగిలింది కదా అని సంబరపడే ముందు ఈ లెక్క వేసుకోవాలి.

ఈటామ్ దరఖాస్తులో పిల్లలు కోరికలను వరసగా రాయాలి. నన్నడిగితే మొదటి కోరికను కాదు, రెండోదాన్ని చూడాలి. రెండో బ్రాంచి వస్తే నాలుగేళ్లు ఇష్టంగా చదువుతానంటే కాలేజ్ స్టేషన్ మంచి బేరం. "కంప్యూటర్ సైన్స్ రాకపోతే ఏదీ వద్దు" అనే పిల్లను 3.75 మీద పందెం కట్టి పంపడం మంచిది కాదు.

క్రెడిట్ల తేడా ఒక్కటే, గొలుసు తేడా పెద్దది

బిజినెస్ డిగ్రీకి 120 చుట్టూ క్రెడిట్లు. ఏ అండ్ ఎం ఇంజనీరింగ్ బ్రాంచీల్లో చాలావాటికి 126 నుంచి 128. ఎనిమిది సెమిస్టర్లకు పంచితే అటు 15, ఇటు 16. ఒక్క క్రెడిట్ తేడాకే ఇంత గొడవా అనిపిస్తుంది. కానీ ఇంజనీరింగ్ కోర్సులు ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. కాల్‌క్యులస్-1 లేనిదే 2 లేదు, 2 లేనిదే డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ లేవు, అవి లేనిదే పై ఏడాది కోర్సులు చాలా తెరుచుకోవు. కింద ఒక్కటి తప్పితే పైనున్నదంతా ఒక సెమిస్టర్ జరుగుతుంది. బిజినెస్‌లో అకౌంటింగ్, ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్ చాలావరకు పక్కపక్కనే నడుస్తాయి. ఒకటి తప్పినా మిగతావి ఆగవు.

అందుకే "ముందు బిజినెస్‌లో చేరి, తర్వాత ఇంజనీరింగ్‌కు మారొచ్చులే" అన్నది అన్నిటికన్నా పనికిరాని పథకం. గొలుసును మొదటి లంకె నుంచి మొదలుపెట్టాలి, పైగా కొత్త స్కూలు గేటు దగ్గర మళ్లీ పోటీ. ఇంజనీరింగ్ నుంచి బిజినెస్‌కు రావడమూ తేలికేమీ కాదు, మెకోంబ్స్ లోపలి బదిలీలకు పోటీ తక్కువ కాదు. కాకపోతే ఇంజనీరింగ్ చదువుతూ బిజినెస్ మైనర్ చేసే వీలు రెండుచోట్లా ఉంది. బిజినెస్ నుంచి ఇంజనీరింగ్‌కు అంత వీలైన దారి లేదు.

మారదామనుకునేవాళ్లు తెలుసుకోవాల్సిన అంకెలు ఇంకో రెండున్నాయి. టెక్సస్ ప్రభుత్వ కాలేజీల్లో డిగ్రీ మొత్తం మీద ఆరు కోర్సులకు మించి డ్రాప్ చేయకూడదు. 2007 నాటి చట్టం అది. డిగ్రీకి కావలసినదాని కన్నా 30కి మించి క్రెడిట్లకు నమోదైతే, ఆ పైవాటికి యూనివర్సిటీ ఇన్-స్టేట్ రాయితీ తీసేసి బయటివాళ్ల రేటు వేయొచ్చు. రెండుసార్లు మేజరు మార్చిన పిల్ల ఈ గీత దగ్గరకు వచ్చేస్తుంది.

డబ్బు

టెక్సస్ నివాసులకు రెండుచోట్లా ట్యూషన్ ఏడాదికి సుమారు 11 నుంచి 15 వేల డాలర్లు. యూటీలో బిజినెస్‌కు, ఏ అండ్ ఎంలో ఇంజనీరింగ్‌కు మిగతా కోర్సుల కన్నా ఎక్కువ తీసుకుంటారు కాబట్టి మన కేసులో రెండూ పై అంచునే ఉంటాయి. గది, తిండి, పుస్తకాలు కలిపితే 30 వేలు దాటుతుంది. 2023 నుంచి ఇన్-స్టేట్ ట్యూషన్ పెంచకుండా ఆపారు, 2026-27 వరకు ఆ ఆపు సాగుతోంది. రాష్ట్రం బయటివాళ్లకు ట్యూషన్ ఒక్కటే 40 వేల పైచిలుకు. న్యూజెర్సీ నుంచో, కాలిఫోర్నియా నుంచో వచ్చేవాళ్లకు ఒక సన్నటి సందుంది. పోటీ మీద ఇచ్చే స్కాలర్‌షిప్ 1,000 డాలర్లు వచ్చినా యూనివర్సిటీ వాళ్లకు ఇన్-స్టేట్ రేటు వేయవచ్చు. వాటి సంఖ్యకు పరిమితి ఉంది, అందరికీ అందవు.

2025 శరత్కాలం నుంచి యూటీ సిస్టమ్ కాలేజీల్లో, ఏడాదికి లక్ష డాలర్లకు మించని ఆదాయమున్న టెక్సస్ కుటుంబాల పిల్లలకు అర్హతలు సరిపోతే ట్యూషన్ లేదు. ఇద్దరూ ఐటీలో ఉన్న ఇంటికి ఇది అందదు. ఒక్క జీతం మీద నడిచే ఇంటికీ, గ్యాస్ స్టేషన్‌లోనో రెస్టారెంట్‌లోనో పనిచేసే ఇంటికీ ఇదే పెద్ద అంకె. మన మాటల్లో ఆ ఇళ్ల ఊసు రాదు గానీ అవీ ఉన్నాయి.

రెండు యూనివర్సిటీల ట్యూషన్ తేడా కన్నా పెద్ద ఖర్చు అదనపు సెమిస్టర్‌ది. 15 వేలకు అటూఇటూ ఖర్చు, దానికి తోడు ఆలస్యమైన ఆరు నెలల జీతం.

జీతాల సంగతి చూద్దాం. అమెరికా కార్మిక గణాంకాల బ్యూరో 2024 మే లెక్కల ప్రకారం ఆర్కిటెక్చర్, ఇంజనీరింగ్ ఉద్యోగాల మధ్యస్థ వార్షిక వేతనం 97,310 డాలర్లు. బిజినెస్, ఫైనాన్స్ ఉద్యోగాలది 80,920. అన్ని ఉద్యోగాలూ కలిపితే 49,500. ఇవి అన్ని వయసులవాళ్లవి, దేశం మొత్తానివి, నిన్న డిగ్రీ చేతికొచ్చినవాళ్లవి కావు. ఇంజనీరింగే గెలిచిందని ఇక్కడ పేజీ తిప్పేస్తే అసలు విషయం తప్పిపోతుంది. పెట్రోలియం ఇంజనీరుకు 1,41,280, సివిల్ ఇంజనీరుకు 99,590. ఇంజనీరింగ్‌లోనే రెండు బ్రాంచీల మధ్య 41,690 తేడా. బిజినెస్‌కూ ఇంజనీరింగ్‌కూ మధ్య ఉన్నది 16,390 మాత్రమే. అటువైపు అకౌంటెంట్లకు 81,680, కన్సల్టింగ్ పనిచేసే మేనేజ్‌మెంట్ అనలిస్టులకు 1,01,190, ఫైనాన్షియల్ మేనేజర్లకు 1,61,700. కాబట్టి "ఇంజనీరింగా, బిజినెస్సా" అన్న ప్రశ్న కన్నా "ఏ ఇంజనీరింగ్, ఏ బిజినెస్" అన్నది రెండింతలు బరువైన ప్రశ్న. ఏ బ్రాంచి అన్నదాన్నే ఏ అండ్ ఎం ఏడాది తర్వాత చెబుతానంటోంది.

డిగ్రీ పేరు ఒక్కటే అన్నీ తేల్చదనడానికి ఈ స్కూళ్ల పేర్ల కథ ఒకటి చెప్పాలి. యూటీ బిజినెస్ స్కూలుకు పేరిచ్చిన రెడ్ మెకోంబ్స్ యూటీలో చదువు మధ్యలో వదిలేసి కార్లు అమ్మిన మనిషి. 2000లో ఆ స్కూలుకు 5 కోట్ల డాలర్లిచ్చారు. ఏ అండ్ ఎం బిజినెస్ స్కూలు పేరు మేస్. ఆ లోరీ మేస్ ఏ అండ్ ఎంలో చదివింది పెట్రోలియం ఇంజనీరింగ్, తర్వాత హార్వర్డ్‌లో ఎంబీఏ. వీళ్లిద్దరూ 1972లో శాన్ ఆంటోనియోలో కలిసి ఒక రేడియో స్టేషన్ కొన్నారు. అదే పెరిగి పెరిగి క్లియర్ ఛానల్ అయింది. స్టేడియంలో ఒకరినొకరు తిట్టుకునే రెండు యూనివర్సిటీల బిజినెస్ స్కూళ్లకు ఒకే కంపెనీ భాగస్వాముల పేర్లున్నాయి.

వీసా గడియారం

అమెరికాలో పుట్టిన పిల్లలకు, గ్రీన్‌కార్డున్న పిల్లలకు ఈ భాగం అక్కర్లేదు. చిన్నప్పుడు హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో వచ్చి ఇంకా హెచ్-4 మీదున్న పిల్లలకు మిగతా లెక్కలన్నిటికన్నా ఇదే ముఖ్యం.

హెచ్-4కు గడువు 21 ఏళ్లు. ఉద్యోగాల కోటాలో గ్రీన్‌కార్డులు ఏటా సుమారు 1,40,000. ఏ దేశానికైనా 7 శాతం పరిమితి. భారతీయుల వరస ఎంత పొడవో ఈ పాఠకులకు చెప్పనక్కర్లేదు. 18 ఏట కాలేజీలో చేరిన పిల్లకు మూడో ఏడాదికో నాలుగో ఏడాదికో 21 నిండుతాయి. అప్పటికి ఎఫ్-1 విద్యార్థి వీసాకు మారి ఉండాలి. డిగ్రీ అయ్యాక ఓపీటీ కింద 12 నెలలు పనిచేయొచ్చు. స్టెమ్ డిగ్రీ అయితే ఇంకో 24 నెలలు, మొత్తం 36. హెచ్-1బీ లాటరీ ఏడాదికి ఒక్కసారే. సీట్లు 85,000, అందులో 20,000 అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకు. బీబీఏతో బయటికి వచ్చిన పిల్లకు మిగిలినవి 65,000. పన్నెండు నెలల ఓపీటీ అంటే మామూలుగా ఒక్క లాటరీ, 36 నెలలంటే మూడు.

ఏది స్టెమ్ అన్నది ప్రతి మేజరుకూ ఉండే సీఐపీ కోడు తేలుస్తుంది. ఇంజనీరింగ్ కోడ్లన్నీ, అంటే 14తో మొదలయ్యేవన్నీ, స్టెమ్ జాబితాలో ఉన్నాయి. బిజినెస్‌లో ఫైనాన్స్, మార్కెటింగ్, అకౌంటింగ్ లేవు. మేనేజ్‌మెంట్ సైన్స్ ఉంది, దాని కోడు 52.1301. బిజినెస్ స్టాటిస్టిక్స్, యాక్చువేరియల్ సైన్స్ కూడా ఉన్నాయి. మేజరు పేరు వింటే సరిపోదు, దాని కోడు అడగాలి.

హెచ్-4 పిల్లలకు జీతమిచ్చే ఇంటర్న్‌షిప్ చేసే హక్కు లేదు. ఎఫ్-1కు మారినవాళ్లు, ఫుల్‌టైమ్ చదువు ఒక విద్యా సంవత్సరం పూర్తయ్యాక సీపీటీ అనే అనుమతి కింద చేయొచ్చు. ఇది బిజినెస్ పిల్లలకే ఎక్కువ నొప్పి. బ్యాంకులు, కన్సల్టింగ్ కంపెనీలు వేసవి ఇంటర్న్‌షిప్ నుంచే ఉద్యోగాలిస్తాయి, ఆ ఇంటర్న్‌షిప్ ఎంపికలు రెండో ఏడాదిలోనే మొదలవుతాయి. 21 దగ్గరపడ్డాక చూద్దాంలే అంటే ఆ బండి వెళ్లిపోయి ఉంటుంది.

ఇక తీర్పు. పిల్ల హెచ్-4 మీద ఉంటే, లెక్కలంటే భయం లేకపోతే, కాలేజ్ స్టేషన్‌కే నా ఓటు. మూడు లాటరీలకు ఏ ర్యాంకింగూ సాటిరాదు. పౌరసత్వం ఉండి, మెకోంబ్స్ సీటు చేతిలో ఉండి, ఫిజిక్స్ పుస్తకం చూస్తే ముఖం మాడ్చే పిల్లను "ఇంజనీరింగ్ ఉంటే ధైర్యం" అని అటు తోయడం అన్యాయం. ఆ సీటు మళ్లీ రాదు. ఇద్దరిలో ఎవరూ కాని, రెండూ ఇష్టమే అనే పిల్లయితే ఇంజనీరింగ్‌లో చేరి బిజినెస్ మైనర్ చేయడం మేలు, ఈటామ్‌లో రెండో కోరిక కూడా నచ్చినప్పుడు మాత్రమే.

రెండు యూనివర్సిటీలకూ జవాబు చెప్పాల్సిన గడువు మే 1. ఆలోపు ఇద్దరికీ ఈమెయిల్ రాయండి. మెకోంబ్స్‌ను మేజరు సీఐపీ కోడు అడగండి. ఏ అండ్ ఎంను ఈ ఏడాది ఈటామ్ నిబంధనలు అడగండి. హెచ్-4 నుంచి ఎఫ్-1కు మారితే ఇన్-స్టేట్ ట్యూషన్ ఉంటుందా పోతుందా అని రెండుచోట్లా రెసిడెన్సీ ఆఫీసును అడగండి. జవాబు రాతలోనే తీసుకోండి. ఫోన్లో చెప్పిన మాట ఆగస్టులో ఎవరికీ గుర్తుండదు.